రుచి మారినా పొగ గుండెకు చేటే

(దంపతులు కలిసి చదవవలసిన పాఠం. చదువు రానివారికి చదివి వినిపించండి.)

భార్యాభర్తలారా!

పిల్లలు ఎందరు కావాలి, ఎప్పుడు కావాలి, కాన్పుకూ కాన్పుకూ ఎడం ఎంత ఉండాలి అని మీరిద్దరూ కలిసి ఆలోచించుకుంటున్నారు. అది మంచి పని. కాని కుటుంబ సంక్షేమం అంటే పిల్లల లెక్క ఒక్కటే కాదు. పుట్టిన బిడ్డలు పెరిగి, చదువుకొని, తమ కాళ్ళ మీద తాము నిలబడేదాకా తల్లీ తండ్రీ ఇద్దరూ బతికి ఉండాలి. ఒంట్లో సత్తువతో ఉండాలి. తండ్రి నలభై ఏళ్ళకే గుండెపోటుతో పోతే ఇద్దరు పిల్లలున్న చిన్న కుటుంబమైనా వీధిన పడుతుంది.

గుండెను చెడగొట్టే వాటిలో పొగాకు ముఖ్యమైనది. చుట్ట, బీడీ, సిగరెట్టు మనకు పాతవే. ఇప్పుడు వీటికి తోడు కొత్త వస్తువు ఒకటి వచ్చింది. నిప్పు ఉండదు, బూడిద ఉండదు, కంపు ఉండదు. మామిడిపండు వాసన, పుదీనా వాసన, చాక్లెట్టు వాసన వస్తుంది. దాని పేరు ఈ-సిగరెట్టు. కుర్రకారు దానిని ‘వేప్’ అంటారు. పట్నం వెళ్ళి చదువుకునే పిల్లల ద్వారా, కూలికి దూర ప్రాంతాలకు పోయి పండుగకు తిరిగి వచ్చే వారి సంచుల్లో ఇటువంటివి పల్లెకు చేరవచ్చు. కనుక దాని సంగతి ముందే తెలుసుకొని ఉండడం మంచిది.

గుండె చేసే పని

మన పిడికిలంత ఉండే గుండె పగలూ రాత్రీ విశ్రాంతి లేకుండా కొట్టుకుంటుంది. నిమిషానికి సుమారు 70 సార్లు చొప్పున రోజుకు లక్ష సార్లు కొట్టుకొని ఒళ్ళంతటికీ రక్తాన్ని పంపుతుంది. గెడ్డ నుంచి కాలువ తీసి మడికి నీరు పెట్టినట్లే, గుండె నుంచి రక్తనాళాల ద్వారా ప్రతి అవయవానికీ రక్తం అందుతుంది. గుండె కూడా కండరమే కనుక దానికీ రక్తం కావాలి. ఆ రక్తం తెచ్చే నాళాలు చాలా సన్ననివి.

కాలువ గట్లు గట్టిగా, లోపల నున్నగా ఉన్నంత కాలం నీరు బాగా పారుతుంది. గట్టు గీరుకుపోయి, ఒండ్రు చేరి, కాలువ ఇరుకైతే మడి ఎండిపోతుంది. రక్తనాళం లోపలి పొర దెబ్బతింటే అక్కడ కొవ్వు పేరుకుంటుంది. ఆ ఇరుకులో రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే గుండెలో కొంత భాగానికి రక్తం అందదు. అదే గుండెపోటు. మెదడుకు పోయే నాళం మూసుకుపోతే పక్షవాతం వస్తుంది.

మన ప్రాంతంలో పొగాకు

సాలూరు, పాచిపెంట, మక్కువ చుట్టుపక్కల మైదానంలోనూ కొండమీదా పొగాకు తాగడం తరతరాల అలవాటు. ఆడవారు చుట్ట నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకొని తాగడం ఉత్తరాంధ్రలో ఉంది. దీనిని అడ్డపొగ అంటాము. పనిచేసుకుంటూ ఉంటే గాలికి చుట్ట ఆరిపోదని, బూడిద మీద పడదని, నోరు వెచ్చగా ఉంటుందని దీనికి అలవాటు పడతారు.

ఈ అడ్డపొగ సంగతి ప్రపంచంలోని వైద్యులకు ఎప్పుడో తెలిసింది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్ళు పరీక్షించి, 1971లో ఆ ఫలితాలు ప్రచురించారు. అప్పటికి సాలూరు కూడా ఆ జిల్లాలోనే ఉండేది. అడ్డపొగ తాగేవారి అంగిలి మీద పుండ్లు, తెల్ల మచ్చలు, కేన్సరు వచ్చే గుర్తులు కనిపించాయి. నోటికి జరిగే హాని కంటికి కనబడుతుంది కనుక దానిని గురించి అందరూ మాట్లాడుకున్నారు. గుండెకు జరిగే హాని కంటికి కనబడదు. అందుచేత దానిని లెక్కచేసేవారు తక్కువ.

మగవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు. సాలూరు లారీలకు పేరుపడిన ఊరు. ఒడిశా వైపు ఘాటు రోడ్డులో రాత్రి పూట బండి నడిపే డ్రైవరు నిద్ర ఆపుకోడానికని బీడీ వెనుక బీడీ ముట్టిస్తాడు. పొలంలో, కట్టెల పనిలో అలసినవారు అలుపు తీర్చుకోడానికని తాగుతారు. 2016-17లో ప్రభుత్వం జరిపించిన సర్వేలో మన దేశంలో 15 ఏళ్ళు దాటినవారిలో నూటికి 28 మందికి పైగా ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్లు తేలింది.

ఈ-సిగరెట్టు అంటే ఏమిటి?

ఇది కొన్నిసార్లు పెన్నులాగా, కొన్నిసార్లు చిన్న డబ్బాలాగా ఉంటుంది. లోపల ఒక బ్యాటరీ, ఒక తీగచుట్ట, కొంత ద్రవం ఉంటాయి. నోటితో పీల్చినప్పుడు తీగ వేడెక్కి ద్రవాన్ని పొగమంచులాగా మారుస్తుంది. ఆ మంచును గుండెల నిండా పీలుస్తారు. 2003 ప్రాంతంలో చైనాలో తయారై, తరువాత ప్రపంచమంతా పాకింది.

ఆ ద్రవంలో సాధారణంగా ఉండేవి నాలుగు. ఒకటి, నికొటిన్. పొగాకులో ఉండే మత్తు పదార్థం ఇదే. రెండు, మూడు, ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్ అనే చిక్కని రసాయనాలు. నాలుగు, రుచి కోసం, వాసన కోసం కలిపే రసాయనాలు. ఇవి వేడెక్కినప్పుడు ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ వంటి విషపదార్థాలు పుడతాయి. తీగ నుంచి నికెల్, సీసం వంటి లోహాలు కూడా కొద్దికొద్దిగా ఆ మంచులో కలుస్తాయి. కనుక అది ఉత్త ఆవిరి అనుకోవడం పొరపాటు.

రుచి ఎందుకు కలుపుతారు?

మొదటిసారి చుట్ట తాగినవాడికి దగ్గు వస్తుంది, కళ్ళు తిరుగుతాయి. ఒళ్ళు ఆ విధంగా ‘వద్దు’ అని చెబుతుంది. పండ్ల రుచి, మిఠాయి రుచి, పుదీనా చల్లదనం కలిపితే ఆ ఘాటు తెలియదు. వద్దని చెప్పే ఒంటి నోరు మూసినట్లవుతుంది. అమెరికాలో వీటిని వాడే బడిపిల్లల్లో అత్యధికులు రుచులు కలిపిన వాటినే వాడుతున్నారని అక్కడి ప్రభుత్వ సర్వేలలో తేలింది. చేపకు ఎర ఎలాగో కుర్రవాళ్ళకు ఈ రుచి అలాగే. రుచి కోసం మొదలుపెట్టినవాడు నికొటిన్ కోసం ఆగలేక తాగుతాడు.

‘తినే వస్తువుల్లో కలిపే రుచులే కదా, హాని ఏముంటుంది?’ అని కొందరు అడుగుతారు. మంచినీళ్ళు ప్రాణాధారమే. కాని ఒక్క గుక్క పొలమారితే ఎంత ఉక్కిరిబిక్కిరి అవుతామో మీకు తెలుసు. తినేవి కడుపులోకి పోయేందుకు తగినవి. వేడిచేసి పీల్చితే అవి ఊపిరితిత్తుల్లోకి, అక్కడి నుంచి రక్తంలోకి, రక్తంతో పాటు నేరుగా గుండెకు చేరతాయి.

గుండెకు ఏం జరుగుతుంది?

1. గుండె వేగం పెరుగుతుంది. నికొటిన్ కొద్ది క్షణాల్లో మెదడుకు చేరుతుంది. భయపడినప్పుడు పుట్టే రసాయనాలు రక్తంలోకి వస్తాయి. కూర్చున్నవాడి గుండె కొండ ఎక్కేవాడి గుండెలాగా కొట్టుకుంటుంది. నిమిషానికి పది, పదిహేను సార్లు ఎక్కువ కొట్టుకోవచ్చు.

2. రక్తపోటు పెరుగుతుంది. నికొటిన్ వల్ల రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఇరుకైన నాళాల్లోకి రక్తాన్ని తోయడానికి గుండె మరింత కష్టపడవలసి వస్తుంది. ఇప్పటికే బి.పి. ఉన్నవారికి ఇది ప్రమాదం.

3. రక్తనాళాల లోపలి పొర చెడుతుంది. 2018లో అమెరికాలోని బోస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు నికొటిన్ లేకుండా కేవలం రుచి రసాయనాలను రక్తనాళపు కణాల మీద పరీక్షించారు. మెంథాల్, లవంగం, వెనిల్లా, దాల్చినచెక్క రుచుల రసాయనాలు ఆ కణాల్లో వాపు తెచ్చాయి. నాళం మెత్తగా సాగడానికి అవసరమైన నైట్రిక్ ఆక్సైడ్ తయారీని తగ్గించాయి. 2019లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరీక్షల్లోనూ దాల్చినచెక్క, మెంథాల్ రుచుల ద్రవాలు ఎక్కువ హాని చేశాయి. అంటే హాని నికొటిన్‌తో ఆగిపోవడం లేదు. రుచికీ అందులో పాలు ఉంది. ఇవి పరిశోధనశాలలో కణాల మీద చేసిన పరీక్షలు. ఈ వస్తువు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, అంతే. సిగరెట్టు చేసే హాని రుజువు కావడానికి అంతకన్నా ఎక్కువ కాలం పట్టిందని మరువరాదు.

చుట్ట, బీడీ, సిగరెట్టు పొగలో ఈ మూడింటితో పాటు మరొక విషం ఉంది. అది కార్బన్ మోనాక్సైడు. ఆకు కాలినప్పుడు పుడుతుంది. ప్రాణవాయువు కన్నా 200 రెట్లు గట్టిగా రక్తాన్ని పట్టుకొని, ప్రాణవాయువుకు చోటు లేకుండా చేస్తుంది. ఖైనీ, గుట్కా నమిలేవారికి పొగ లేకపోయినా నికొటిన్ నోటి నుంచే రక్తంలోకి పోతుంది.

సందేహాలు, సమాధానాలు

(ఆరోగ్య కేంద్రానికి వచ్చిన దంపతులు, నర్సమ్మ మాట్లాడుకుంటున్నారు.)

భర్త: నర్సమ్మగారూ, మా తమ్ముడు విశాఖపట్నంలో పనిచేస్తున్నాడండి. పండక్కి వచ్చినప్పుడు అలాంటిదే తెచ్చాడు. పీలిస్తే పనసపండు వాసన వస్తాది. చుట్ట కన్నా ఇది మేలు కాదేటండి?

నర్సమ్మ: అందులో ఆకు కాలదు కనుక కొన్ని విషాలు చుట్ట కన్నా తక్కువే బాబూ. ఉన్న మాట చెప్పాలి కదా. కాని తక్కువ విషం అంటే విషం లేదని కాదు. తాచుపాము కన్నా కట్లపాము చిన్నదని చేత్తో పట్టుకుంటామా?

భర్త: చుట్ట మానడానికే ఇది తాగుతున్నానంటాడు.

నర్సమ్మ: బ్రిటన్ వంటి దేశాల్లో సిగరెట్టు మానదలచిన పెద్దవాళ్ళకు దీనిని ఒక మెట్టుగా వాడనిస్తున్నారు. మన దేశంలో దీని అమ్మకమే నేరం. అందులో ఏం కలిపారో చెప్పే దిక్కు లేదు. పైగా చాలామంది ఇదీ తాగుతారు, అదీ తాగుతారు. అప్పుడు గుండెకు రెండు దెబ్బలు.

భార్య: ఈయన రోజుకు ఒకటో రెండో బీడీలు తాగుతాడండి. అంతే కదా అంటాడు.

నర్సమ్మ: ఇరవై తాగేవాడికి గుండెజబ్బు ముప్పు ఎంత ఎక్కువగా ఉంటుందో, రోజుకు ఒక్క సిగరెట్టు తాగేవాడికి కూడా అందులో దాదాపు సగం ఉంటుందని లెక్క కట్టారమ్మా. తగ్గించడం మంచిదే, కాని గుండె విషయంలో అది చాలదు. పూర్తిగా మానాలి. ఇంట్లో తాగితే ఆ పొగ నీకూ పిల్లలకూ తగులుతుంది. పొగ తాగని వారికి కూడా పక్కవాళ్ళ పొగ వల్ల గుండెజబ్బు వచ్చే అవకాశం నూటికి 25 నుంచి 30 వంతులు పెరుగుతుంది.

భార్య: నాకు ముప్పై ఆరు నిండాయండి. ఇద్దరు పిల్లలు. మాలా-ఎన్ మాత్రలు తీసుకుందామని వచ్చాను.

నర్సమ్మ: మంచిదమ్మా. ముందు ఒక మాట చెప్పు. నీకు చుట్ట అలవాటు ఉందా?

భార్య: (సిగ్గుపడుతూ) అడ్డపొగ ఉందండి. మా అమ్మ, మా అత్త అందరూ తాగినవాళ్ళే.

నర్సమ్మ: చెప్పావు, అదే మేలయింది. దాచిపెట్టి ఉంటే ప్రమాదం జరిగేది. నీకు ఈ మాత్రలు వద్దు. వేరే సాధనం చూద్దాం.

మాత్రలకూ పొగకూ సంబంధం ఏమిటి?

ప్రతి జంటా దీనిని గుర్తుంచుకోవాలి. మాలా-ఎన్, మాలా-డి మాత్రల్లో ఈస్ట్రోజెన్ ఉంటుంది. అది రక్తం గడ్డకట్టే గుణాన్ని కొంచెం పెంచుతుంది. పొగాకు అలవాటు లేని, బి.పి. లేని ఆరోగ్యవంతురాలికి దీని వల్ల ముప్పు చాలా తక్కువ. అటువంటి వారికి ఈ మాత్రలు మంచి సాధనమే. కాని పొగ కూడా రక్తాన్ని గడ్డకట్టిస్తుంది, నాళాలను చెడగొడుతుంది. రెండూ కలిస్తే గుండెపోటు, పక్షవాతం వచ్చే ప్రమాదం ఎంతో పెరుగుతుంది.

కనుక 35 ఏళ్ళు దాటి పొగ తాగే స్త్రీలు ఈ మాత్రలు వాడకూడదు. 35 లోపువారు కూడా నర్సమ్మకు, డాక్టరుకు అలవాటు సంగతి చెప్పి, బి.పి. చూపించుకున్న తరువాతే మొదలుపెట్టాలి. చుట్ట అయినా, బీడీ అయినా, ఈ-సిగరెట్టు అయినా దాచకుండా చెప్పండి. మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు.

ఇప్పటికే మాత్రలు వాడుతున్నవారు కంగారుపడి మీ అంతట మీరు ఆపి ఊరుకోకండి. ఆరోగ్య కేంద్రానికి వచ్చి మరో సాధనం అడగండి. ఈస్ట్రోజెన్ లేనివి చాలా ఉన్నాయి. కాపర్-టి ఉంది. హార్మోను లేని ఛాయా మాత్రలున్నాయి. మూడు నెలలకు ఒకసారి వేసే అంతరా ఇంజెక్షను ఉంది. నిరోధ్ ఉంది. పిల్లలు ఇక చాలనుకున్నవారికి మగవారి కత్తి కోత లేని ఆపరేషను చాలా సులువైనది. ఏది ఎవరికి తగునో పరీక్ష చేసి చెబుతారు.

కడుపుతో ఉన్న తల్లి పొగ తాగినా, ఈ-సిగరెట్టు పీల్చినా, నికొటిన్ మాయ దాటి బిడ్డకు చేరుతుంది. పొగ వల్ల బిడ్డ బరువు తక్కువగా పుట్టవచ్చు, నెలలు నిండకుండా పుట్టవచ్చు, కడుపులోనే చనిపోవచ్చు. మగవారు కూడా వినాలి. పొగ వీర్యకణాలను తగ్గిస్తుంది. రక్తనాళాలు బిగుసుకుపోవడం వల్ల మగతనం కూడా తగ్గవచ్చు. అది ముందు ముందు గుండెకు రాబోయే జబ్బుకు తొలి హెచ్చరిక కావచ్చు. సిగ్గుపడక డాక్టరుతో చెప్పండి.

చట్టం ఏమంటున్నది?

ఈ-సిగరెట్లను నిషేధిస్తూ కేంద్ర ప్రభుత్వం 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు తెచ్చింది. అదే ఏడాది డిసెంబరులో అది చట్టమైంది. తయారుచేయడం, దిగుమతి చేయడం, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్ళీ పట్టుబడితే మూడేళ్ళ వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. నిల్వ ఉంచినవారికి 6 నెలల వరకు జైలు, లేదా 50,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ‘నాలుగు తెచ్చి అమ్ముకుందాం’ అనుకునే కుర్రవాడికి ఈ మాట ముందే చెప్పండి.

ఇంట్లో ఉంటే మరో ప్రమాదం కూడా ఉంది. మిఠాయి వాసన వచ్చే ఆ ద్రవాన్ని పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటే నికొటిన్ విషం ఎక్కుతుంది. అలా జరిగితే వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

మానడం ఎలా?

● ఒక రోజు నిర్ణయించుకోండి. భార్యాభర్తలకు ఇద్దరికీ అలవాటు ఉంటే ఇద్దరూ ఒకే రోజు మానండి. ఒకరు తాగుతూ ఉంటే రెండోవారు మానడం కష్టం.

● చుట్టలు, బీడీలు, అగ్గిపెట్టె చేతికి అందే చోట ఉంచకండి. సంతకు వెళ్ళినప్పుడు పొగాకు కొనే డబ్బు విడిగా ఒక డబ్బాలో వేయండి. నెల తిరిగేసరికి పిల్లల పుస్తకాలకు పనికివస్తుంది.

● మొదటి వారం కష్టంగా ఉంటుంది. చిరాకు, తలనొప్పి, నిద్రలేమి రావచ్చు. అవి ఒళ్ళు బాగుపడుతున్న గుర్తులే. కొద్ది వారాల్లో తగ్గుతాయి.

● తాగాలనిపించే కోరిక కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ సేపు మంచినీళ్ళు తాగండి, ఉసిరికాయ ముక్కో సోంపో నోట్లో వేసుకోండి, లేచి ఏదైనా పని చేయండి. దానికి బదులు గుట్కా, ఖైనీ పట్టకండి.

● మీ వల్ల కాకపోతే ఆరోగ్య కేంద్రంలో అడగండి. నికొటిన్ గమ్ము వంటి మందులున్నాయి. 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోను చేస్తే సలహా చెబుతారు. పొగాకు పెట్టెల మీద కూడా ఈ నంబరు ఉంటుంది.

● ఒకసారి తప్పి తాగినా ‘ఇంక నా వల్ల కాదు’ అనుకోవద్దు. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టండి.

మానిన 20 నిమిషాలకే గుండె వేగం తగ్గడం మొదలవుతుంది. ఏడాది గడిచేసరికి గుండెజబ్బు ముప్పు తాగేవారితో పోలిస్తే సుమారు సగానికి తగ్గుతుంది. ముప్పై ఏళ్ళు తాగినవారికి కూడా మానితే మేలే.

గుండెపోటు గుర్తులు

రొమ్ము మధ్యలో బండ పెట్టినట్లు నొప్పి, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకే నొప్పి, చల్లని చెమటలు, ఆయాసం, వాంతి. ఆడవారికి నొప్పి లేకుండా ఆయాసం, నీరసం, వాంతి మాత్రమే రావచ్చు. ‘గ్యాసు’ అనుకొని సోడా తాగి పడుకోకండి. వెంటనే 108కి ఫోను చేయండి. రోగిని నడిపించకండి. రక్తపు గడ్డను కరిగించే మందు ఎంత తొందరగా పడితే గుండె అంత మిగులుతుంది.

రోడ్డు లేని కొండ ఊళ్ళ నుంచి రోగిని డోలీ కట్టి మోసుకురావలసి వస్తుంది. ఆ దారిలో పోయే ప్రతి గంటా గుండె కండరాన్ని చంపుతూ ఉంటుంది. అందుచేత కొండమీద ఉన్నవారు మరీ ముందుజాగ్రత్త పడాలి. ఆస్పత్రి దూరం కావచ్చు. పొగ మానడం మాత్రం మీ ఇంట్లో, మీ చేతిలో ఉన్న పని.

గుర్తుంచుకోండి

▪ పండ్ల రుచి, పుదీనా రుచి నాలుకకే. గుండెకు చేరేది విషమే.

▪ చుట్ట, అడ్డపొగ, బీడీ, ఖైనీ, ఈ-సిగరెట్టు ఏదైనా గుండెకు చేటే.

▪ 35 దాటి పొగ తాగే స్త్రీలు మాలా-ఎన్, మాలా-డి వాడరాదు. వేరే సాధనం అడగండి.

▪ పొగాకు అలవాటు సంగతి నర్సమ్మ దగ్గర దాచకండి.

▪ ఇద్దరూ కలిసి మానండి. ఈ వారమే ఆరోగ్య కేంద్రానికి ఇద్దరూ కలిసి వచ్చి బి.పి. చూపించుకోండి.